మొద్దుబార్చే చుక్కలు వేస్తే కళ్ళ మంట పోతోంది, ఇంట్లో వాడుకోవచ్చా?

మీరు రాసిన పెద్ద ఉత్తరంలోంచి అసలు సంగతి ముందు చెప్పేస్తాను, మిగతావాళ్ళకూ అర్థమవుతుంది. వయసు 34. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రోజంతా ఏసీలో స్క్రీన్ ముందు. కళ్ళజోడు అక్కర్లేకుండా లేజర్‌తో చేసే లేసిక్ ఆపరేషన్ చేయించుకున్నారు. రెండేళ్ళుగా కళ్ళు గరగర, సాయంత్రమయ్యేసరికి మంట, వెలుతురు చూడలేకపోవడం. డాక్టర్ ‘డ్రై ఐ’ (కన్ను ఆరిపోయే జబ్బు) అని చెప్పి చుక్కలు రాశారు, పెద్దగా గుణం కనిపించలేదు. మొన్న ఆస్పత్రిలో కంటి ప్రెషర్ చూసే ముందు ఏవో చుక్కలు వేస్తే నిమిషంలో మంట మాయమైంది, ఇరవై నిమిషాలు హాయిగా ఉంది. బాటిల్ మీద పేరు చూసుకున్నారు. ఊళ్ళో వెల్డింగ్ షాపు నడిపే మీ బావమరిది దగ్గర కూడా అదే బాటిల్ ఉందట. ముఖ్యమైన మీటింగులున్న రోజు ఒక్క చుక్క వేసుకుంటే తప్పేంటి, పోనీ పలచన చేసి వేసుకుంటే ఏమవుతుంది అని అడుగుతున్నారు.

వద్దండీ. పలచన చేసీ వద్దు, ‘ఎప్పుడో ఒకసారే కదా’ అనుకునీ వద్దు. కార్నియా, అంటే కంటి ముందు పొర, దాని జబ్బులు చూసే డాక్టర్‌గా చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఈ చుక్కల వల్ల చూపు పోగొట్టుకుని వచ్చినవాళ్ళలో మూర్ఖులు దాదాపు ఎవరూ లేరు. నొప్పి తట్టుకోలేక, మీలాగే ‘ఒక్క చుక్కే కదా’ అనుకున్నవాళ్ళే ఎక్కువ. అయితే ‘వద్దు’ అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తే మీ మంట ఎక్కడిదక్కడే ఉంటుంది, రేపు ఇంకో రాత్రి ఆ బాటిల్ గుర్తొస్తుంది. అందుకే ఎందుకు వద్దో, దాని బదులు ఏం చేయాలో రెండూ రాస్తాను.

మీకు వేసింది బహుశా ప్రోపరకైన్, 0.5 శాతం. టెట్రాకైన్, లిగ్నోకైన్ కూడా ఈ కోవవే. అర నిమిషంలోపే పనిచేస్తాయి, పావుగంట, ఇరవై నిమిషాలకు దిగిపోతాయి. ప్రెషర్ చూడ్డానికి, కంట్లో పడ్డ ఇనుప రజను తీయడానికి, కొన్ని ఆపరేషన్లకు ఇవి లేకపోతే మాకు చెయ్యి ఆడదు. 1884లో వియన్నాలో కార్ల్ కోలర్ అనే డాక్టర్ కొకైన్ చుక్కలతో కంటిని మొద్దుబార్చవచ్చని చూపించాడు. అంతకుముందు కంటి ఆపరేషన్ అంటే రోగిని నలుగురు పట్టుకోవాల్సిన పరిస్థితి. ఆ తర్వాత కొకైన్ కార్నియా పై పొరను పాడుచేస్తోందని తెలిసి వేరే మందులు తయారుచేసుకున్నారు. అవి కొకైన్ కంటే మెరుగే. కానీ పై పొరను దెబ్బతీసే గుణం వాటికీ పోలేదు. ఒకసారి, డాక్టర్ కళ్ళెదుట, ఒకటి రెండు చుక్కలకు ఆ గుణం లెక్కలోకి రాదు. తడవ తడవకూ వేస్తే వస్తుంది.

కార్నియా అంటే నల్లగుడ్డు మీదుండే అద్దంలాంటి పొర. మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. దాని పైభాగంలో ఐదారు వరసల కణాలుంటాయి, వారం పది రోజుల్లో ఆ వరసలన్నీ రాలిపోయి కొత్తవి వస్తాయి. రక్తనాళాలు ఉండవు గానీ నరాలు మాత్రం విపరీతం. చర్మంతో పోలిస్తే వందల రెట్లు ఎక్కువ. చిన్న నలక పడితే ప్రాణం పోయినట్టు ఉండేది అందుకే. ఈ నరాలు నొప్పి చెప్పడం ఒక్కటే చేస్తాయనుకుంటాం, కానీ వాటికి ఇంకా రెండు పనులున్నాయి. కన్ను ఆరిపోతోందని పసిగట్టి కన్నీటి గ్రంథికి, రెప్పకు కబురు పంపేవి అవే. పై పొర కణాలు పెరగడానికి, గాయం మానడానికి కావలసిన పోషక పదార్థాలు అందించేవీ అవే. షింగిల్స్ (సర్పి) కంటికి సోకి నరం చచ్చుబడినవాళ్ళలో నొప్పే లేకుండా కార్నియా పుండు పడడం చూస్తుంటాం. కారణం ఇదే.

ఇప్పుడు మీ సంగతికి వద్దాం. మీ జబ్బే కన్నీటి పొర నిలవకపోవడం. మొద్దుబార్చే చుక్క వేయగానే కన్నీళ్ళు ఊరడం తగ్గుతుంది, రెప్ప వేయడం తగ్గుతుంది. అంటే ఏ మందు లేనప్పుడు మీ కన్ను తనను తాను కాపాడుకోవడానికి చేస్తున్న ఆ కాస్త ప్రయత్నం కూడా ఆగిపోతుంది. ఆ ఇరవై నిమిషాల్లో కన్ను ఇంకా ఆరుతుంది, మీకు తెలియదంతే. దానికి తోడు మందు నేరుగా పై పొర కణాల మీద పనిచేసి అవి పక్కకు జరిగి గాయాన్ని పూడ్చడాన్ని, కొత్తవి పుట్టడాన్ని అడ్డుకుంటుంది. ఇలాంటి బాటిళ్ళలో చాలావాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ అనే ప్రిజర్వేటివ్ (మందు చెడిపోకుండా కలిపేది) ఉంటుంది, అది ఇంకో దెబ్బ. లేసిక్‌లో కార్నియా నుంచి పలచటి రేకును కోసి లేపేటప్పుడు కార్నియా నరాలు చాలావరకు తెగుతాయి, మళ్ళీ అల్లుకోవడానికి చాలా కాలం పడుతుంది, కొందరిలో పూర్తిగా మామూలుకు రావు. కాబట్టి మీ కంటికి ఓర్చుకునే శక్తి మామూలువాళ్ళ కంటే తక్కువే అనుకోవాలి.

ఇది ఎలా ముదురుతుందో చెప్తాను. మొదట మీటింగ్ ఉన్న రోజే. మందు దిగాక మంట మునుపటికంటే కాస్త ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే పై పొర అక్కడక్కడ లేచిపోయి ఉంటుంది. ఆ మంటకు ఇంకో చుక్క. కొన్ని రోజులకు చుక్క పనిచేసే సమయం తగ్గిపోతుంది, గంటకోసారి వేయాల్సి వస్తుంది. పై పొర పూర్తిగా లేచిపోయి మానని గాయం పడుతుంది. కన్ను ఎర్రబడుతుంది, చూపు మసకవుతుంది, నల్లగుడ్డు మీద తెల్లటి ఉంగరంలా ఒక వలయం ఏర్పడుతుంది. దాని మీద సూక్ష్మక్రిములో ఫంగసో చేరితే పుండు. కార్నియా కరిగి చిల్లు పడిన కేసులూ ఉన్నాయి. మానినా తెల్లటి పువ్వు మిగిలిపోతుంది. అక్కడికి చేరాక కార్నియా మార్పిడి గురించి మాట్లాడుకోవాల్సి వస్తుంది, అదీ నరాలు దెబ్బతిన్న కంట్లో అంత తేలిగ్గా నిలవదు.

ఇంకో చిక్కుంది. ఆ తెల్లటి వలయం అచ్చం అకాంథమీబా అనే క్రిమి వల్ల వచ్చే పుండులాగే కనిపిస్తుంది, నొప్పి కూడా అలాగే పుండుకు మించి ఉంటుంది. రోగి సిగ్గుపడి చుక్కల సంగతి దాస్తాడు. మేము క్రిమి కోసం మందులు వేస్తూ వారాలు గడిపేస్తాం, అతను ఇంటికెళ్ళి ఆ చుక్కలు వేసుకుంటూనే ఉంటాడు. అందుకే కార్నియా డాక్టర్లు మానని పుండు కనిపిస్తే జేబులో ఏ బాటిల్ ఉందో అడుగుతారు. మిమ్మల్ని అవమానించడానికి కాదు.

పలచన చేయడం గురించి. ఇది గాలిలోంచి పుట్టిన ఆలోచన కాదని నాకు తెలుసు. కంటికి గీత పడి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళకు ఒక్కరోజు వరకు ఈ చుక్కలు ఇవ్వొచ్చా అని అమెరికాలో, కెనడాలో అధ్యయనాలు చేశారు, కొందరు ఎమర్జెన్సీ డాక్టర్లు ఇస్తున్నారు కూడా. కంటి డాక్టర్లలో చాలామందికి అది కూడా సమ్మతం కాదు. కానీ ఆ చర్చంతా ఆరోగ్యంగా ఉన్న కంటికి కొత్తగా పడ్డ చిన్న గీత గురించి, గట్టిగా 24 గంటల గురించి, కొలిచి ఇచ్చిన కొద్ది చుక్కల గురించి. గీత ఒకటి రెండు రోజుల్లో మానిపోతుంది, నొప్పి కూడా పోతుంది, బాటిల్ అవసరం తీరిపోతుంది. మీ మంటకు అలాంటి గడువు లేదు. పైగా ఇంట్లో నీళ్ళో, సెలైనో కలిపితే ఆ ద్రావణం శుభ్రత పోయినట్టే. కుళాయి నీళ్ళలో అకాంథమీబా ఉండొచ్చు. ఆ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి.

మీ బావమరిది బాటిల్ నన్ను మీ ప్రశ్న కంటే ఎక్కువ కంగారు పెట్టింది. వెల్డింగ్ షాపుల్లో ఇది పాత అలవాటు. అద్దం పెట్టుకోకుండా ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) చూస్తే ఆ అల్ట్రావయొలెట్ కిరణాలకు కార్నియా పై పొర కాలుతుంది. వెంటనే తెలియదు, ఆరేడు గంటల తర్వాత, సరిగ్గా అర్ధరాత్రి, కళ్ళలో కారం కొట్టినట్టు లేస్తారు. మెడికల్ షాపుకు వెళ్తే ఎవరో ఈ చుక్కలు ఇస్తారు, చీటీ లేకుండా ఇవ్వకూడదని తెలిసీ. ఒక్క చుక్కతో నిద్రపడుతుంది కాబట్టి బాటిల్ షాపులోనే ఉండిపోతుంది, అందరూ వాడతారు. నిజానికి ఆర్క్ దెబ్బ ఒకటి రెండు రోజుల్లో దానంతటదే మానుతుంది. చీకటి గది, కళ్ళకు చల్లటి తడిగుడ్డ, లూబ్రికెంట్ చుక్కలు, డాక్టర్ చెప్పిన యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్, నొప్పికి మింగే మాత్ర, ఇవి చాలు. ఆ బాటిల్ పారేయమనండి. వెల్డింగ్ హెల్మెట్ పెట్టుకోమని కూడా మీరే చెప్పండి, నేను చెప్తే వినడు.

ఇప్పటికే ఆ చుక్కలు కొన్నిసార్లు వేసుకుని ఉంటే ఇవాళే ఆపి, రేపటికల్లా కార్నియా చూసే డాక్టర్‌కి చూపించుకోండి. ఆపిన మొదటి కొన్ని రోజులు నొప్పి తీవ్రంగా ఉంటుంది, ఆ రోజులు దాటించే మార్గాలు మా దగ్గర ఉన్నాయి. నొప్పి మాత్రలు, కంటి మీద కట్టులాగా పనిచేసే మెత్తటి కాంటాక్ట్ లెన్స్, ప్రిజర్వేటివ్ లేని చుక్కలు, ఇన్ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్, గాయం మొండికేస్తే ఉమ్మనీటి సంచి నుంచి తీసిన పలచటి పొర అతికించడం. తొందరగా ఆపినవాళ్ళ కళ్ళు చాలావరకు కోలుకుంటాయి.

మీకు దొరికిన ఆ ఇరవై నిమిషాల హాయి వృథా పోలేదు. అది పనికొచ్చే సమాచారం. మొద్దుబార్చే చుక్కకు నొప్పి పూర్తిగా పోయిందంటే నొప్పి పుడుతున్నది కంటి పైభాగంలోనే అని అర్థం. కొందరికి ఈ చుక్క వేసినా మంట అలాగే ఉంటుంది. వాళ్ళలో నొప్పి నరాల దారిలో లోపలికి పాకి, మెదడు వైపు స్థిరపడిందని అనుమానిస్తాం. లేసిక్ తర్వాత అలాంటి నరాల నొప్పి కొందరికి వస్తుంది. వాళ్ళ కంట్లో గాయాలు కనిపించేలా చేసే రంగు మందు వేసి చూస్తే పెద్దగా ఏమీ కనిపించదు, బాధ మాత్రం భరించలేనంత ఉంటుంది, ‘అంతా మీ మనసులోనే’ అనిపించుకుని ఇంటికొస్తారు. నాకు చాలా కోపం తెప్పించే మాట అది. మీరు ఆ కోవలో లేనట్టే ఉంది. చుక్క వేశాక మంట పూర్తిగా పోయిందా, సగం పోయిందా, ఒక కంట్లోనే పోయిందా, ఈ వివరం మీ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

‘డ్రై ఐ అన్నారు గానీ నా కళ్ళు నీళ్ళు కారుతుంటాయి’ అని మీరు అనుమానంగా రాశారు. అందులో వింతేమీ లేదు. కన్నీటి పొరలో నీళ్ళొక్కటే ఉండదు. కంటికి అంటుకుని ఉండే జిగురు, దానిలో కలిసిన నీరు, పైన ఆవిరైపోకుండా కాపాడే పలచటి నూనె ఉంటాయి. ఆ నూనె రెప్పల అంచుల్లోని మైబోమియన్ గ్రంథుల నుంచి వస్తుంది. పై రెప్పలో ముప్పై వరకు, కింద రెప్పలో అంతకంటే కాస్త తక్కువగా ఉంటాయి. నూనె తక్కువైతే కన్నీరు కొద్ది సెకన్లలోనే చిట్లిపోతుంది, కన్ను మండుతుంది, మంటకు కన్నీటి గ్రంథి ఒక్కసారిగా నీళ్ళు కుమ్మరిస్తుంది. అవి చెంప మీదికి జారిపోతాయి తప్ప కన్ను మీద నిలవవు.

కాబట్టి ఏ పొర తక్కువైందో తెలియకుండా చుక్కలు మారుస్తూ పోతే రెండేళ్ళు ఇట్టే గడిచిపోతాయి. తేల్చడానికి పరీక్షలు తేలికే. డాక్టర్ పసుపుపచ్చ రంగు మందు వేసి రెప్ప వేయకుండా ఉంచితే కన్నీటి పొర ఎన్ని సెకన్లకు చిట్లుతోందో తెలుస్తుంది. పది సెకన్లలోపే చిట్లితే అది నిలకడగా లేదన్నమాట. షిర్మర్ పరీక్షలో కింది రెప్పలో కాగితం పట్టీ పెట్టి ఐదు నిమిషాల్లో ఎన్ని మిల్లీమీటర్లు తడిసిందో చూస్తారు, ఐదు కంటే తక్కువైతే నీరు నిజంగా తక్కువ. రెప్పను నొక్కి నూనె ఎలా వస్తోందో చూడడం నాకు అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష, దానికి ఖరీదైన మిషనూ అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉంటే అది నూనెలాగే తేటగా జారుతుంది. జబ్బు పడితే చలికాలం గిన్నెలో పేరుకున్న నెయ్యిలా వస్తుంది, లేదా అసలు రాదు. మీ పాత చీటీల్లో ఈ పరీక్ష ప్రస్తావనే లేదు. కంప్యూటర్ ముందు పనిచేసేవాళ్ళలో మొదట చూడాల్సింది ఇదే అని నా అభిప్రాయం.

నెయ్యి కరగాలంటే వేడి కావాలి. శుభ్రమైన గుడ్డను ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో ముంచి పిండి మూసిన కళ్ళ మీద పెట్టాలి. గుడ్డ ఒక నిమిషంలోనే చల్లారుతుంది, అక్కడే చాలామంది తప్పు చేస్తారు. ఎనిమిది పది నిమిషాల పాటు మార్చి మార్చి పెట్టాలి. మైక్రోవేవ్‌లో వేడిచేసుకునే ఐ మాస్కులు ఈ పనికి సుఖం. తర్వాత వేలితో పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, అంచు వైపు మెల్లగా నిమరాలి. లేసిక్ చేయించుకున్న కన్ను కాబట్టి గుడ్డును నొక్కొద్దు, రుద్దొద్దు. రోజుకు రెండుసార్లు, కనీసం ఆరు వారాలు. రెప్ప వెంట్రుకల మొదళ్ళలో పొట్టులాంటిది కనిపిస్తే డెమోడెక్స్ అనే పురుగు ఉందేమో డాక్టర్‌ని చూడమనండి, దానికి వేరే మందులున్నాయి.

రెప్ప వేయడం మామూలుగా నిమిషానికి పదిహేను, ఇరవైసార్లు. స్క్రీన్ చూస్తున్నప్పుడు అది సగానికి, అంతకంటే తక్కువకు పడిపోతుంది, వేసినవి కూడా సగం సగం వేస్తాం. రెప్పలు పూర్తిగా తాకితేనే నూనె బయటికొచ్చి పరుచుకుంటుంది. ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడమని అందరూ చెప్తారు, మంచిదే. అయితే ఆ చూసినప్పుడు పదిసార్లు కళ్ళు గట్టిగా కాకుండా, పూర్తిగా మూసి తెరవడం మీకు ఎక్కువ పనికొస్తుంది. స్క్రీన్ కంటి మట్టం కంటే కిందికి దించండి, కన్ను తెరుచుకునే వెడల్పు తగ్గుతుంది. ఏసీ గాలి ముఖానికి తగిలే సీటు మార్పించుకోండి. రాత్రి ఫ్యాన్ తిన్నగా ముఖం మీద వద్దు. బైక్ మీద హెల్మెట్ అద్దం దించే నడపండి. పొద్దున లేవగానే మంట ఎక్కువగా ఉంటే నిద్రలో రెప్పలు పూర్తిగా మూసుకోవడం లేదేమో ఇంట్లోవాళ్ళని చూడమనండి. అలాంటివాళ్ళకు పడుకునే ముందు ఆయింట్‌మెంట్ బాగా పనిచేస్తుంది.

లూబ్రికెంట్ చుక్కల్లో పేర్లు వంద, రకాలు కొన్నే. కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, సోడియం హయాలురోనేట్, ప్రొపిలీన్ గ్లైకాల్, కొన్నిటిలో నూనె కూడా కలుపుతారు. నూనె తక్కువైన కంటికి ఆ చివరివి ప్రయత్నించదగ్గవి. రోజుకు నాలుగుసార్ల కంటే ఎక్కువ వేయాల్సివస్తే ప్రిజర్వేటివ్ లేనివే కొనండి, ఖరీదు ఎక్కువైనా సరే. ఒకసారికి ఒక్క చుక్క చాలు. కంట్లో పట్టేది ముప్పై మైక్రోలీటర్లు, బాటిల్ నుంచి పడే చుక్కే అంతకంటే పెద్దది. రెండో చుక్క చెంపకే. రెండు రకాల మందులుంటే మధ్యలో ఐదు నిమిషాల ఎడం ఇవ్వండి. మీటింగుకు ముందు ఫ్రిజ్‌లో పెట్టిన లూబ్రికెంట్ వేసుకుంటే ఆ చల్లదనానికి మంట కొంతసేపు తగ్గుతుంది. మీరు మొద్దుబార్చే చుక్క కోసం వెతుకుతున్న ఆ కాస్త ఊరటకు హాని లేని దారి ఇదొకటి.

షాపువాడు ఇచ్చే మిగతా చుక్కల గురించి కూడా చెప్పాలి. ఎరుపు తగ్గించేవి రక్తనాళాలను బిగిస్తాయి, దిగాక ఇంకా ఎర్రబడుతుంది. స్టెరాయిడ్ కలిసినవి అద్భుతంగా పనిచేస్తాయి, అదే ప్రమాదం. నెలల తరబడి సొంతంగా వాడితే నొప్పి లేకుండానే ప్రెషర్ పెరిగి గ్లాకోమా, తొందరగా శుక్లం వస్తాయి. డైక్లోఫెనాక్, కీటోరోలాక్ లాంటి నొప్పి చుక్కలు ‘మొద్దుబార్చేవి కావు కదా’ అని కొందరు వేసుకుంటారు. పై పొర బాగాలేని కంట్లో అవి కూడా కార్నియాను కరిగించిన సందర్భాలున్నాయి. తేనె, ఆముదం, రోజ్ వాటర్ కంట్లో పోయకండి. నందివర్ధనం పూలు మూసిన కళ్ళ మీద చలవకు పెట్టుకోవడానికి నాకు అభ్యంతరం లేదు, రసం మాత్రం కంట్లో పిండొద్దు.

వేడి కాపడం, చుక్కలు ఆరు వారాలు సరిగ్గా చేసినా మంట తగ్గకపోతే లోపల వాపు ఉండొచ్చు. అప్పుడు సైక్లోస్పోరిన్ చుక్కలు ఆలోచిస్తాం. డ్రై ఐకి 2002లో అమెరికాలో అనుమతి వచ్చిన మందు. మొదట్లో అదే మండుతుంది, గుణం కనిపించడానికి మూడు నెలలు, ఒక్కోసారి ఆరు నెలలు పడుతుంది. ఈ మాట ముందే చెప్పకపోతే రెండు వారాలకే బాటిల్ మూలన పడేస్తారు. ఆ మొదటి వారాలు దాటడానికి డాక్టర్ చిన్న మోతాదు స్టెరాయిడ్‌ను లెక్కపెట్టిన రోజులకు రాయొచ్చు, ప్రెషర్ చూసుకుంటూ. నీరు నిజంగా తక్కువైనవాళ్ళకు కన్నీరు పోయే రంధ్రాలకు బిరడాలు పెడతాం. వాపు తగ్గకముందే పెడితే పాడైన కన్నీరే కంట్లో నిలబడుతుంది కాబట్టి నేను తొందరపడను. నరాలు దెబ్బతిన్న కళ్ళకు రోగి సొంత రక్తం నుంచి తీసిన సీరంను, సాధారణంగా 20 శాతంగా పలచన చేసి, చుక్కలుగా వాడతాం. లేసిక్ తర్వాత మొండికేసిన మంటలో అది పనిచేయడం చూశాను. చేపనూనె గుళికలు కొనాలా అని అడిగారు. అమెరికాలో 535 మంది మీద ఏడాది పాటు జరిగి 2018లో వెలువడిన డ్రీమ్ అధ్యయనంలో అవి ఆలివ్ నూనె గుళికల కంటే మెరుగ్గా పనిచేయలేదు. ఆ డబ్బు ప్రిజర్వేటివ్ లేని చుక్కలకు పెట్టండి.

మీరు జలుబుకు, అలర్జీకి తరచూ వేసుకునే మాత్రలు కళ్ళను ఆరబెడతాయి. మొటిమలకిచ్చే ఐసోట్రెటినోయిన్ నూనె గ్రంథుల్నే దెబ్బతీస్తుంది. కొన్ని డిప్రెషన్ మందులూ అంతే. సొంతంగా ఆపకండి, రాసిన డాక్టర్‌తో మాట్లాడండి. చపాతీ మింగడానికి కూడా నీళ్ళు కావాల్సినంతగా నోరు ఎండిపోతుంటే, కీళ్ళు పట్టేస్తుంటే, ఒళ్ళే తన కన్నీటి, లాలాజల గ్రంథుల మీద దాడి చేసే షోగ్రెన్స్ అనే జబ్బు కోసం రక్త పరీక్షలు చేయించాలి. ఆడవాళ్ళలో ఎక్కువ గానీ మగవాళ్ళకు రాదని కాదు.

డ్రై ఐ మంట సాయంత్రానికి పెరుగుతుంది, రెండు కళ్ళలోనూ ఉంటుంది, వచ్చి పోతుంటుంది. దానికి భిన్నంగా ఒక కంట్లోనే హఠాత్తుగా నొప్పి, చూపు మసక, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ, చీము లాంటి పుసులు, వెలుతురు వైపు కన్ను తెరవలేకపోవడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీ దేవి ఆస్పత్రి ప్రభుత్వానిది, ఆంధ్రలో విశాఖపట్నంలోనూ కర్నూలులోనూ ప్రాంతీయ కంటి ఆస్పత్రులున్నాయి, డబ్బు సమస్యైతే అక్కడికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఇప్పటివరకు కంట్లో వేసిన ప్రతి బాటిల్, మీ బావమరిదిది కూడా వేసుకుని ఉంటే అదీ, ఒక కవర్లో పెట్టి తీసుకెళ్ళండి.